టెంక అంటు కట్టడం ఎలా? నర్సరీ పనిలోకి రావాలనుకునేవాళ్లకి

నర్సరీలో పని కావాలని వచ్చేవాళ్లని నేను అడిగేది ఒక్కటే: మామిడి అంటు కట్టడం వచ్చా? ఉద్యాన పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా చేసినా, పదో తరగతితో ఆపేసినా, నర్సరీలకి పేరున్న మా కడియం వైపు మనిషికి విలువ చేతిని బట్టే. టెంక అంటు అంటే టెంక నుంచి వచ్చిన లేత మొలకకి మంచి చెట్టు కొమ్మ చివరని అతికించడం.

కావలసినవి కొత్త బ్లేడు, కత్తెర, రెండు సెంటీమీటర్ల వెడల్పున్న పాలిథిన్ పట్టీలు, సన్నటి ప్లాస్టిక్ కవర్లు. అంటుకత్తి కొనమంటారు. కొనకండి, బ్లేడు చాలు.

జూన్, జూలైలో నాటు మామిడి టెంకలు తిన్న వారంలోపే పాతండి. దాచిన టెంక మొలవదు. మొలక 10–15 రోజులదై, ఆకు రాగిరంగులో ఉన్నప్పుడే కట్టాలి. బాగా కాసే తల్లిచెట్టు మీద మూడు నాలుగు నెలల కొమ్మ చివర్లు (వీటినే పుల్లలంటాం) ఎంచుకుని, కోయడానికి వారం పది రోజుల ముందే ఆకులు తీసేయండి, తొడిమలు మాత్రం ఉంచండి. మొగ్గ ఉబ్బాక కోసి, తడిగుడ్డలో చుట్టి, ఆ రోజే వాడేయండి.

ఇక కోత. సగం అంటులు చచ్చేది ఇక్కడే.

టెంకకి ఐదారు సెంటీమీటర్ల పైన మొలక తల తీసేసి, నడిమికి నాలుగు సెంటీమీటర్లు చీల్చండి. పుల్ల కింది కొసని రెండు వైపులా ఉలి మొనలా చెక్కాలి. ఒక్కో వైపు ఒకే గీతలో రావాలి. పెన్సిల్ చెక్కినట్టు పదిసార్లు గీకితే గుంటలు పడతాయి, గుంటలో గాలి నిలుస్తుంది, అతుకు ఎండుతుంది. మా దగ్గర కొత్త కుర్రాడు ముందు వేప పుల్లల మీద రెండు వందల కోతలు కోస్తాడు. ఆ తర్వాతే మామిడి పుల్ల చేతికిస్తాను.

కోసిన చోట వేలు తగలనివ్వొద్దు. పైన తుడవొద్దు, ఊదొద్దు. బెరడుకీ కర్రకీ మధ్య ఉండే పల్చటి పచ్చటి పొరే అతుక్కునేది. పుల్ల, మొలక ఒకే లావుంటే రెండు వైపులా పొరలు కలుస్తాయి. పుల్ల లావైతే నడిమికి పెట్టకండి, ఒక పక్కకి జరిపి అక్కడైనా పొరకి పొర ఆనించండి. చూడ్డానికి వంకరగా ఉంటుంది, ఉండనివ్వండి. తర్వాత కింద నుంచి పైకి బిగించి కట్టి, కవరు తొడిగి నీడలో పెట్టండి. నీళ్లు నిలిస్తే కుళ్లిపోతుంది.

పాతకాలంలో కుండీ మొక్కని తల్లిచెట్టు కొమ్మ దాకా మోసుకెళ్లి కట్టేవారు. ఇప్పటికీ అదే గొప్పంటారు కొందరు. ఒక చెట్టు చుట్టూ ఎన్ని కుండీలు పడతాయి?

రెండు మూడు వారాలకి మొగ్గ పగులుతుంది, అప్పుడు కవరు తీయండి. ఈలోపు పట్టిందో లేదో అని ఊపి చూడకండి. పట్టీ మాత్రం మూడు నెలల దాకా ఉండాలి. అతుకు కింద నుంచి వచ్చే చిగురు నాటుది, కనిపించగానే గిల్లేయండి. ఆ చిగురు చూసి అంటు పట్టిందని సంబరంగా ఫోన్ చేసినవాళ్లున్నారు.