ఒక సెల్, రెండు పిన్నీసులు, కాస్త రాగి తీగ: తిరిగే మోటార్ ఎలా చేయాలి?

ఈ మోటార్ తిరగకపోతే పిల్లలు ముందు సెల్‌ని అనుమానిస్తారు, తర్వాత అయస్కాంతాన్ని. కొత్త సెల్ తెస్తారు, ఇంకో అయస్కాంతం తెస్తారు, అయినా తిరగదు. తప్పంతా తీగ చివర రెండు సెంటీమీటర్ల చోట ఉంటుంది. ఎన్నో ఏళ్లుగా పిల్లలతో దీన్ని చేయిస్తున్నాను, సైన్స్ ప్రదర్శనకు ముందురోజు రాత్రి టెన్షన్‌తో పట్టుకొచ్చే మోటార్లలో నాకు కనిపించేది దాదాపు ఇదే తప్పు. "పూతను సగం గీకాలి" అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తారు, ఏ సగమో ఎవరూ చెప్పరు. అందుకని మిగతావన్నీ గబగబా చెప్పేసి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

కావలసినవి: 1.5 వోల్టుల పెద్ద టార్చి సెల్ ఒకటి, పెద్ద పిన్నీసులు రెండు, వెడల్పాటి రబ్బరు బ్యాండ్, ఒక బిళ్ళ అయస్కాంతం, సన్న గరుకు సాండ్‌పేపర్ ముక్క, కరెంటును ఆపే ఎనామిల్ పూత ఉన్న రాగి తీగ ఒక మీటరు. మోటార్లు రీవైండింగ్ చేసేవాళ్లు వాడే వైండింగ్ వైరే ఇది. మందం అర మిల్లీమీటరు ఉండాలి. అంతకంటే బాగా సన్నదైతే చివర్లు వంగిపోతాయి, బాగా లావుదైతే చుట్ట బరువెక్కుతుంది. ప్లాస్టిక్ తొడుగున్న మామూలు వైరుతో ప్రయత్నించకండి.

రెండు జాగ్రత్తలు. ఫోన్ బ్యాటరీలు, లిథియం సెల్స్ దీనికి వాడకూడదు. గోడ ప్లగ్గు మాట అసలే వద్దు. ఎందుకంటే ఈ చుట్ట నిరోధం ఓమ్‌లో పదో వంతు కూడా ఉండదు, దాదాపు షార్ట్ సర్క్యూట్ చేసినట్టే. మామూలు టార్చి సెల్ అయితే దాని లోపలి నిరోధమే కరెంటును కొంత ఆపుతుంది, లిథియం సెల్ అలా ఆపదు, మంటలు రావచ్చు. రెండోది, నియోడిమియం అయస్కాంతాలు (చిన్నగా ఉన్నా చాలా బలంగా లాగే రకం) చిన్నపిల్లలకు అందకూడదు. రెండు మింగితే అవి పేగుల గోడలను మధ్యలో నొక్కేస్తూ ఒకదానికొకటి అతుక్కుంటాయి, అది ప్రాణం మీదికి వచ్చే సంగతి.

చుట్ట చేయడం తేలికే. రెండు, రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న గొట్టం లాంటిది ఏదైనా తీసుకుని దాని మీద పది చుట్లు చుట్టండి. పదే చుట్టండి. ఐదైతే బలం చాలదు, ఇరవై అయితే బరువు పెరిగి పిన్నీసులు ఊగుతాయి. మొదట్లో, చివర్లో ఐదేసి సెంటీమీటర్ల తీగ వదలండి. గొట్టం మీంచి తీసి, ఆ వదిలిన చివర్లను చుట్ట చుట్టూ రెండుసార్లు మెలేసి, ఎదురెదురుగా ఒకే సరళరేఖలో బయటికి నిలపండి. ఇవే ఇరుసు. సెల్ కొసలకు బిగించే పిన్నీసుల మెలికల్లో ఇవి కూర్చుంటాయి, సెల్ మీద పెట్టిన అయస్కాంతానికి పైన చుట్ట తిరుగుతుంది. కంటికి ఎదురుగా పెట్టి చూస్తే రెండు చివర్లూ చుట్ట మధ్యలోంచి పోయే ఒకే గీత మీద ఉండాలి.

ఇప్పుడు గీకడం. ఇక్కడ తొందరపడకండి.

ముందుగా ఒక సంగతి తెలియాలి. ఈ పూత పారదర్శకంగా ఉంటుంది కాబట్టి తీగ రాగి రంగులోనే కనబడుతుంది, చూసినవాళ్లు అది వట్టి రాగే అనుకుంటారు. గీకిన చోట మాత్రం రంగు తేలికవుతుంది, లేత గులాబీ మెరుపు వస్తుంది. ఆ తేడా కనిపించేదాకా గీకాలి. ఎడమ చివరను చుట్టూతా, అన్ని వైపులా, చుట్ట దగ్గర నుంచి కొస దాకా పూర్తిగా గీకేయండి. దీనికి ఆలోచన అక్కర్లేదు.

కుడి చివరే కష్టం. చుట్టను నాణెం అంచు మీద నిలబెట్టినట్టు నిటారుగా పట్టుకోండి. కుడి చివరను బల్ల మీద పడుకోబెట్టి, చుట్ట బల్ల అంచుకు బయట ఉండేలా పెట్టండి. చుట్ట నిటారుగానే ఉండాలి, వాలిపోకూడదు. ఇప్పుడు తీగకు పైకి కనబడే సగాన్ని మాత్రమే సాండ్‌పేపర్‌తో పొడవునా, ఒకే దిశలో, నెమ్మదిగా గీకండి. వేలి మీద దొర్లించకండి. కాగితాన్ని తీగ చుట్టూ మడిచి లాగకండి, పిల్లలు సహజంగా చేసేది అదే, ఒక్క లాగుతో పూతంతా పోతుంది. బల్లకు ఆనిన కింది సగం చెక్కుచెదరకుండా ఉండాలి. సగానికి కాస్త తక్కువ గీకినా మోటార్ తిరుగుతుంది, సగం కంటే ఎక్కువైతేనే ఇబ్బంది.

ఎందుకింత పట్టుదల అంటే, కరెంటు పారినప్పుడు ఈ చుట్ట విద్యుదయస్కాంతం అవుతుంది. ఒక ముఖం ఉత్తర ధ్రువం, రెండోది దక్షిణ ధ్రువం. కింద ఉన్న అయస్కాంతం అందులో ఒక ముఖాన్ని తనవైపు లాక్కుంటుంది. చుట్ట తిరిగి ఆ ముఖం కిందికి వచ్చాక కూడా కరెంటు పారుతూనే ఉంటే ఇంకెక్కడికి పోతుంది? కాస్త దాటినా వెనక్కి లాగబడుతుంది, ఊగి ఊగి ఆగుతుంది. అందుకే సరిగ్గా ఆ సమయంలో కరెంటు తెగాలి. పూత ఉన్న సగం పిన్నీసుకు తగులుతున్నంతసేపూ కరెంటు ఉండదు, చుట్ట జడత్వంతో మిగతా అర చుట్టు తిరిగేసి మళ్లీ గీకిన సగం మీదికి వస్తుంది. అంటే గీకిన ఆ సగమే మన మోటార్‌కు కమ్యుటేటర్ (సరైన సమయంలో కరెంటును ఇచ్చి, తెంచే భాగం). బొమ్మ కార్లలోని చిన్న మోటార్ విప్పితే సాధారణంగా మూడు ముక్కల కమ్యుటేటర్ కనిపిస్తుంది, అది కరెంటును తెంచి ఊరుకోకుండా దిశ కూడా మారుస్తుంది.

చుట్ట నిటారుగా ఉన్నప్పుడే గీకమన్నది కూడా ఇందుకే. అయస్కాంతం కింద ఉంది కదా, చుట్ట నిటారుగా ఉన్న క్షణంలో తిప్పే బలం అన్నిటికంటే ఎక్కువ. ఆ క్షణానికి ముందు పావు చుట్టు, తర్వాత పావు చుట్టు కరెంటు ఉండాలి. చుట్టను బల్ల మీద పడుకోబెట్టి పై సగం గీకారనుకోండి, గీకింది సగమే అయినా అది తప్పు సగం. కరెంటు ఉన్న సమయంలో సగంసేపు ముందుకు, సగంసేపు వెనక్కి నెడుతుంది. ఎంత మంచి అయస్కాంతం పెట్టినా అది తిరగదు. అన్నీ సరిగ్గానే చేశాం అనుకునేవాళ్లు చివరికి పడేది ఈ తప్పులోనే.

అగ్గిపుల్లతో పూత కాల్చేయమని చెప్పేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. మంట సగాన్ని చూసి ఆగదు, చుట్టూతా కాలుస్తుంది, పైగా మసి, నల్లటి ఆక్సైడు మిగులుతాయి, అవి కరెంటుకు అడ్డు. రెండు చివర్లూ పూర్తిగా గీకేసినా తిరిగింది అని వాదించేవాళ్లూ ఉన్నారు. నిజమే, ఒక్కోసారి తిరుగుతుంది. చుట్ట ఎగిరెగిరి పడుతూ అనుకోకుండా సరైన సమయంలో స్పర్శ తెగుతుంది కాబట్టి. అది అదృష్టం మీద తిరగడం, పిల్లలకు దాన్నే చూపించి ఇదే మోటార్ అంటే నాకు బాధగా ఉంటుంది. అయస్కాంతం తగిలించిన స్క్రూను సెల్‌కు వేలాడదీసి తిప్పే పద్ధతి కూడా ఉంది, క్షణంలో అయిపోతుంది. 1821లో బ్రిటిష్ శాస్త్రవేత్త మైఖేల్ ఫారడే పాదరసంలో తీగను తిప్పింది ఆ కోవలోనిదే. మంచిదే, కానీ అందులో కరెంటును తెంచాల్సిన అవసరమే రాదు. మనం నేర్చుకోవాల్సింది ఆ తెంచడం గురించే.

ఎక్కువ గీకేశారా? పారేయకండి. పాడైన సగం మీద గోళ్ల రంగు పల్చగా పూసి బాగా ఆరనివ్వండి, మళ్లీ పూతగా పనిచేస్తుంది.

బిగించే ముందు ఒక పరీక్ష చేయండి, నేను దీన్ని ఎప్పుడూ వదలను. మల్టీమీటర్‌ని బీప్ మీద (కరెంటు పారే దారి ఉంటే మోగేలా) పెట్టి ఒక మొనను ఎడమ చివరకు, ఇంకోదాన్ని కుడి చివర కింద ఆనించి, చుట్టను నెమ్మదిగా తిప్పండి. అర చుట్టు బీప్ రావాలి, అర చుట్టు నిశ్శబ్దంగా ఉండాలి. బీప్ వస్తున్న సమయం సరిగ్గా మధ్యలో చుట్ట నిటారుగా ఉండాలి. మల్టీమీటర్ లేకపోతే సెల్, టార్చి బల్బు వరుసగా కలిపి చూడండి, బల్బు వెలగడమే బీప్ అనుకోండి.

ఇక బిగించడమే. పిన్నీసుల తల భాగాలను సెల్ రెండు కొసలకు ఆనించి రబ్బరు బ్యాండ్‌తో గట్టిగా బిగించండి. రెండో కొసన ఉండే చిన్న గుండ్రటి మెలికలు పైకి ఉండాలి, ఇరుసు వాటిలో కూర్చుంటుంది. కొన్ని పిన్నీసులకు కూడా సన్నటి పూత ఉంటుంది, మెలిక లోపల కాస్త గీకండి. అయస్కాంతాన్ని సెల్ మీద, చుట్ట కింద పెట్టండి, అతుక్కోకపోతే టేపు వేయండి. చుట్టకు, దానికి మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల ఖాళీ చాలు.

వేలితో చిన్నగా తట్టండి. ఒకవైపు తిరగకపోతే రెండోవైపు తట్టండి, ఇది ఒక దిశలోనే తిరుగుతుంది. అయస్కాంతాన్ని తిరగేస్తే దిశ మారుతుంది, సెల్‌ని తిప్పి పెట్టినా మారుతుంది, రెండూ ఒకేసారి తిప్పితే మళ్లీ మొదటి దిశే. పిల్లల చేత ముందు ఊహించి చెప్పించి, ఆ తర్వాతే చేయించండి.

ఆగిపోతే వెంటనే చుట్టను బయటికి తీసేయండి. గీకిన సగం తగులుతూ ఆగితే కరెంటు ఆగకుండా పారి తీగ, సెల్ రెండూ వేడెక్కుతాయి, వేలు చురుక్కుమంటుంది. చూడటం అయిపోయాక కూడా చుట్టను పిన్నీసుల్లో వదలకుండా విడిగా పెట్టండి.