ఇస్లా ముహేరెస్‌లో ఫ్రెండ్స్‌తో చేప తినాలంటే ఇలా ప్లాన్ చేయండి
మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తే ఒక పూట హోటల్ బఫే మానేసి ప్వెర్తో హువారెస్‌లో ఫెర్రీ ఎక్కేయండి, 20 నిమిషాల్లో ఇస్లా ముహేరెస్ దీవి. అక్కడ బీచ్ పక్కన టికిన్ షిక్ అడగండి, చేపని మధ్యకి చీల్చి అచియోతే అనే ఎర్ర గింజల ముద్ద, పుల్ల నారింజ రసం పట్టించి అరటాకులో పెట్టి నిప్పుల మీద కాలుస్తారు, ఆకు విప్పగానే ఎర్రగా మెరుస్తూ పొగ వాసన గుప్పుమంటుంది చూడండి, అబ్బా! టైం పడుతుంది కాబట్టి ముందు ఆర్డర్ చెప్పేసి అప్పుడు నీళ్లలోకి దిగండి. ఎవరి ప్లేటు వాళ్లకి వద్దు, ఒక పెద్ద చేప, వేడి టోర్టియాలు (అక్కడి పల్చటి రొట్టెలు) మధ్యలో పెట్టుకుని అందరూ ముక్క తుంచి చుట్టుకుని తింటుంటేనే కబుర్లు సాగుతాయి, నాకైతే ట్రిప్ మొత్తంలో అదే ఇష్టం. హబనేరో మిరపకాయల సాల్సా మాత్రం గుంటూరు కారం తిన్న ధైర్యంతో గరిటెడు వేసుకోకండి, ముందు చుక్క నాకి చూడండి. పేసోలు క్యాష్‌గా ఉంచుకోండి, చివరి ఫెర్రీ ఎన్నింటికో దిగగానే కనుక్కోండి.