యుద్ధకాలపు టెలిగ్రాంలు చదవడం – 4వ పాఠం: కాదని చెప్పే తీరు

ముందు పోయిన పాఠంలోని అభ్యాసం సంగతి చూద్దాం. బ్రిటన్ ప్రధాని అయిన ఐదు రోజులకే, 1940 మే 15న, చర్చిల్ అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కి పంపిన టెలిగ్రాం ఇచ్చి, అందులో ఆయన అసలు అడిగిందేమిటో పట్టుకోమన్నాను. చదివేవాళ్ల కళ్లు మామూలుగా చిన్న దేశాలు పుల్లల్లా విరిగిపోతున్నాయన్న వాక్యం దగ్గరే ఆగిపోతాయి. ఆ వాక్యం అంత బాగుంటుంది మరి. అడిగింది మాత్రం దాని కిందెక్కడో ఉంది: 40, 50 పాత డిస్ట్రాయర్లు, అంటే చిన్న యుద్ధనౌకలు, అప్పుగా ఇమ్మని. అది మీకు దొరికి ఉంటే ఇక ముందుకు వెళ్లొచ్చు.

ఇవాళ్టి పాఠం అడగడం గురించి కాదు, కాదనడం గురించి. ఎవరి ఓడలూ ఆయుధాలూ లేకపోతే తనకు రోజు గడవదో, ఆ మిత్రుడే ఒక పని చెయ్యమన్నాడు. ఆ పని చెయ్యడం ఇష్టం లేదు. అతనితో తెగిపోవడానికి అసలే వీల్లేదు. ఆడపిల్లనిచ్చిన వియ్యంకుడికి జవాబు రాసేవాళ్ల ఇబ్బందే ఇది. దీనికి 1942 వసంతంలో ఇండియా మీద రూజ్‌వెల్ట్, చర్చిల్ నడిపిన టెలిగ్రాంలకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. అమెరికా విదేశాంగ శాఖ అచ్చువేసిన 1942 నాటి సంపుటాల్లో వీటిలో చాలావరకు దొరుకుతాయి.

టెలిగ్రాం తెరవకముందే ఒక కాగితం మీద తేదీలు రాసుకోండి. విసుగు పనే, అయినా మానకండి. ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. మార్చి నాలుగో వారంలో బ్రిటిష్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్, యుద్ధం అయ్యాక స్వపరిపాలన ఇస్తామన్న ప్రతిపాదన పట్టుకుని రాయబారానికి ఢిల్లీ చేరాడు. ఏప్రిల్ 5న కొలంబో మీద, 6న మన విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. 9న ట్రింకోమలీ మీద దాడి జరిగింది, ఆ రోజే బ్రిటిష్ విమానవాహక నౌక హెర్మిస్ మునిగిపోయింది. ఏప్రిల్ 10న కాంగ్రెస్ క్రిప్స్ ప్రతిపాదనను కాదంది. ఆ వారంలోనే రూజ్‌వెల్ట్ ఆంతరంగికుడు హ్యారీ హాప్కిన్స్, సైన్యాధిపతి జనరల్ మార్షల్ లండన్‌లో ఉన్నారు. ఫ్రాన్స్ తీరం మీద దాడి చేసే పథకానికి చర్చిల్‌ని ఒప్పించడానికి వచ్చారు వాళ్లు. ఈ చివరి సంగతి కింద గీత గీసుకోండి.

ఇప్పుడు మార్చి 10 నాటి రూజ్‌వెల్ట్ టెలిగ్రాం. మొదట్లోనే వినయం కనిపిస్తుంది: ఈ విషయంలో సలహా ఇవ్వడానికి చాలా సంకోచిస్తున్నాను, మీ అందరికీ దీని గురించి నాకంటే ఎంతో ఎక్కువ తెలుసు అంటాడు. తర్వాత తమ దేశ చరిత్రలోకి వెళ్లి, స్వాతంత్ర్య యుద్ధం తర్వాత 13 రాష్ట్రాలు ఒక తాత్కాలిక ఏర్పాటుతో నెట్టుకొచ్చి 1789కి రాజ్యాంగం దాకా వచ్చిన కథ చెబుతాడు. ఇండియాలోనూ అలాంటి తాత్కాలిక ప్రభుత్వం పెట్టొచ్చు కదా అని సూచిస్తాడు. చివర్లో, దేవుడి మీద ఆన, నన్నిందులోకి లాగకండి, నిజానికి ఇది నాకు సంబంధించిన విషయమే కాదు అంటాడు. వాక్యం అక్కడితో ఆగదు. 'మీరూ నేనూ కలిసి చేస్తున్న పోరాటంలో ఇదీ ఒక భాగమైన మేరకు తప్ప' అన్న మినహాయింపు తగిలిస్తాడు. ఈ 'తప్ప' దగ్గర పెన్సిల్ ఆపండి. సంకోచం, వినయం, నాకెందుకులే అన్న ధోరణి, అన్నీ ఆ తోకతో తేలిపోతాయి. యుద్ధంలో భాగమైతే అది ఆయనకు సంబంధించిన విషయమే.

పదమూడు రాష్ట్రాల పోలిక ఇండియాకు అంతగా అతకదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఈ తరహా ఉత్తరాల్లో పోలిక సరైనదా కాదా అని వాదిస్తూ కూర్చుంటే అసలు సంగతి జారిపోతుంది. ఆ పోలిక ఎందుకు వాడాడో చూడాలి. ఇంకొకరి సామ్రాజ్యం గురించి మాట్లాడటానికి ఆయనకున్న మర్యాదైన దారి సొంత దేశం కథే.

దీనికి వారం ముందు చర్చిల్ పంపినదాన్ని కూడా పక్కన పెట్టుకోండి. ముస్లింలతో తెగతెంపులు చేసుకోలేం, వాళ్లు పది కోట్లమంది, మనం ఆధారపడే సైన్యంలో ప్రధాన భాగం వాళ్లే అని మార్చి 4న రాశాడు. నిజానికి భారత సైన్యంలో ముస్లింల వాటా సగం కూడా లేదు. లెక్క కనిపించగానే నమ్మెయ్యకండి. ఆ లెక్క ఎవరికోసం వేశారో చూడండి.

ఏప్రిల్ 11కి వస్తే రూజ్‌వెల్ట్ గొంతు మారిపోయింది. టెలిగ్రాం హాప్కిన్స్ పేరు మీద, చర్చిల్‌కి అందజెయ్యమని వచ్చింది. క్రిప్స్ తిరుగు ప్రయాణం ఆపి, చివరిసారి ఇంకో ప్రయత్నం చెయ్యమన్నాడు. చర్చలు ఏవో విశాల సమస్యల మీద చెడిపోయాయని అమెరికా ప్రజలు అనుకుంటున్నారన్న మీ మాటతో ఏకీభవించలేను, బ్రిటిష్ ప్రభుత్వానికి స్వపరిపాలన ఇవ్వడం ఇష్టం లేకనే చెడిపోయాయని ఇక్కడ దాదాపు అందరి అభిప్రాయం అని ముఖం మీదే చెప్పాడు. ఆపైన ఇండియా జపాన్ చేతికి పోతే అమెరికాలో ప్రజాభిప్రాయం ఎలా ఉంటుందో చూసుకోండి అన్నాడు. మార్చిలోని 'సంకోచిస్తున్నాను' ఇందులో వెతికినా కనిపించదు. ఒకే మనిషి నెల తేడాతో రాసిన రెండు టెలిగ్రాంల మొదటి పేరాలు పక్కపక్కన పెట్టి చూస్తే గొంతులో తేడా వెంటనే తెలుస్తుంది.

ఇది ప్రధాని పల్లె విడిది చెకర్స్‌లో ఉన్న చర్చిల్‌కి ఆదివారం తెల్లవారుజామున మూడింటికి చేరింది. ఆయన మండిపడ్డాడు. కోపంలో చెప్పిన డ్రాఫ్టు ఇప్పటికీ ఉంది: ప్రైవేటు జీవితంలోకి వెళ్లిపోవడానికి నాకు వ్యక్తిగతంగా అభ్యంతరమేమీ లేదు, ఈ మాట హ్యారీకి ఇప్పుడే చెప్పాను అని ఉంటుంది అందులో. అంటే రాజీనామా బెదిరింపు. అది పంపలేదు. పంపింది వేరు. ఇక దాన్ని నెమ్మదిగా చదువుదాం.

మొదటి వాక్యంలో, 'రాత్రి మూడింటికి, మీ ఆదేశాలకు విరుద్ధంగా హ్యారీ, నేను ఇంకా కబుర్లాడుకుంటుండగా' మీ సందేశం వచ్చింది అంటాడు. హాప్కిన్స్ ఆరోగ్యం బాగాలేదు, పెందలాడే పడుకోవాలని రూజ్‌వెల్ట్ పట్టు. ఇంట్లోవాళ్ల మధ్య వేళాకోళంలా మొదలైంది జవాబు. కాదనబోయే మనిషి ముందు చనువు చూపిస్తున్నాడు.

తర్వాత రూల్సు. కేబినెట్‌ను పిలవకుండా ఇలాంటిది నిర్ణయించలేను, సోమవారం దాకా పిలవడానికి వీల్లేదు అంటాడు. ఆ వెంటనే, క్రిప్స్ ఇప్పటికే బయల్దేరిపోయాడు, రెండు పక్షాలూ తమ వివరణలు పత్రికలకు ఇచ్చేశాయి అంటాడు. గమనించారా, ఇంతవరకు 'నేను ఒప్పుకోను' అన్న మాటే లేదు. వ్యవధి లేదు, మనిషి లేడు, అంతే. నాకైతే ఈ భాగం అంత గొప్పగా అనిపించదు. ఏ ఆఫీసు గుమస్తా అయినా చెప్పే సాకులే ఇవి.

అసలు తిరస్కారం మధ్యలో ఉంది. మీ ప్రతి మాటకూ నేనెంత విలువిస్తానో మీకు తెలుసు, కానీ ఈ క్లిష్ట సమయంలో అంతా మళ్లీ మొదటికొస్తే ఇండియా రక్షణ బాధ్యత మొయ్యగలనని అనుకోవడం లేదు అంటాడు. డ్రాఫ్టులోని రాజీనామా ఇక్కడికి చేరింది చూడండి. 'వెళ్లిపోతాను' అన్నది 'బాధ్యత మొయ్యలేను' అయింది. బెదిరింపు అలాగే ఉంది, గొంతు మాత్రం తగ్గింది. డ్రాఫ్టు, పంపిన ప్రతి, రెండూ దొరికితే మొదట వెతకాల్సింది ఇదే: కొట్టేసిన వాక్యం ఎక్కడ, ఏ వేషంలో తిరిగొచ్చిందో.

నాకు అన్నిటికంటే చురుకైన దెబ్బగా కనిపించేది ఆ తర్వాతిది. రూజ్‌వెల్ట్‌తో నడిపే టెలిగ్రాంలలో చర్చిల్ మారుపేరు 'మాజీ నౌకాదళ వ్యక్తి'. మీ టెలిగ్రాం ఆ పేరున వచ్చింది కాబట్టి దాన్ని పూర్తిగా వ్యక్తిగతంగానే ఉంచుతున్నాను, మీరు చెప్పమంటే తప్ప అధికారికంగా కేబినెట్ ముందు పెట్టను అంటాడు. చూడటానికి మర్యాద. కానీ దాని వెనకాల ఒక ప్రశ్న ఉంది: అమెరికా అధ్యక్షుడు బ్రిటిష్ సామ్రాజ్యం లోపలి వ్యవహారంలో వేలు పెట్టాడని మా కేబినెట్‌కి అధికారికంగా తెలియాలా? పెట్టమనాలంటే రూజ్‌వెల్ట్ మళ్లీ రాయాలి. స్నేహంగా మొదలైన ఆ మారుపేరు ఇక్కడ సొరుగు తాళంచెవిలా పనికొచ్చింది.

చివరి వాక్యం ఇది: మన ఇద్దరి మధ్య తీవ్రమైన భేదం వస్తే నా గుండె పగిలిపోతుంది, ఈ భయంకర పోరాటం నడిమధ్యలో మన దేశాలు రెండిటికీ గట్టి దెబ్బ తగులుతుంది. ఇది నటనా? కొంతవరకే అంటాను. ఆ భయం నిజమైనదే. ఏప్రిల్ 7న ఆయనే రూజ్‌వెల్ట్‌కి రాశాడు, హిందూ మహాసముద్రంలో ఉన్న జపాన్ నౌకాదళాన్ని ఎదుర్కొనే బలం మాకు లేదని. ఆ ముందు రోజే కోస్తాలో బాంబులు పడ్డాయి, జనం పిల్లాజెల్లాతో లోపలి ఊళ్లకు పరుగెత్తారు. ఇండియా తీరాన్ని కాపాడటానికి సాయం కావాలి, ఇండియా గురించి సలహా మాత్రం వద్దు. ఈ రెండు టెలిగ్రాంలను విడివిడిగా చదివితే ఈ టెన్షన్ అసలు కనబడదు.

మరి రూజ్‌వెల్ట్ ఎందుకు వెనక్కి తగ్గాడు? గీత గీసుకోమన్న సంగతికి రండి. జనరల్ మార్షల్ తెచ్చిన ఆ ఫ్రాన్స్ దాడి పథకానికి చర్చిల్ సరే అనాలి. ఆ మాట ఏప్రిల్ 14న, అంటే ఈ జవాబు వెళ్లిన రెండు రోజులకు వచ్చింది, సూత్రప్రాయంగా. అధ్యక్షుడికి కూడా ఆ వారంలో లండన్‌తో పని ఉంది. ఇండియా కోసం ఫ్రాన్స్‌ని పణంగా పెట్టే మనిషి కాడు ఆయన. పెట్టాల్సిందని నేననుకుంటాను, కానీ అది చరిత్ర గురించిన తగువు, చదవడం గురించినది కాదు.

అభ్యాసం: అదే ఏడాది జులై చివర్లో, క్విట్ ఇండియా ఉద్యమానికి కొద్ది రోజుల ముందు, చైనా నాయకుడు చాంగ్ కై షేక్ రూజ్‌వెల్ట్‌కి ఉత్తరం రాసి ఇండియా విషయంలో జోక్యం చేసుకోమన్నాడు. రూజ్‌వెల్ట్ ఈసారి తన అభిప్రాయం జతచెయ్యకుండా ఆ ఉత్తరాన్నే చర్చిల్‌కి పంపి, మీ ఆలోచన చెప్పండి అన్నాడు. ఏప్రిల్ 12 నాటి జవాబు చేతిలో పెట్టుకుని ఇది చదవండి. సొంత మాట ఒక్కటీ రాయకుండా రూజ్‌వెల్ట్ చర్చిల్‌కి ఏం చెప్పాడు? చాంగ్‌కి ఏం చెప్పినట్టయింది? ఒక్కొక్కదానికి రెండేసి వాక్యాల్లో రాసుకోండి.