ఏఐతో ఇంటిపని, ఆఫీసు పని – 4వ పాఠం: చేతిరాత కాగితం టైపులోకి

పోయిన పాఠంలో ఉత్తరం రాయించాం. అక్కడ సంగతి మీ తలలో ఉంది, ఏఐ మాటలు కూర్చింది. అది ఎక్కడ తప్పినా మీకు ఇట్టే తెలిసిపోయింది. ఈసారి సంగతి కాగితం మీద ఉంది: అమ్మమ్మ వంటల నోటు పుస్తకం, అపార్ట్‌మెంటు సంఘం మినిట్స్ పుస్తకం, పాత పద్దుల చిట్టా. ఫొటో తీసి ఇస్తే చాట్‌జీపీటీ, జెమినీ, క్లాడ్ లాంటివి నిమిషంలోపే టైపు చేసి ఇస్తాయి. చిక్కల్లా అవి తప్పు చదివినా చక్కటి తెలుగులోనే రాసి ఇవ్వడమే.

బొమ్మలోని అక్షరాలు గుర్తుపట్టే పాత ఓసీఆర్ సాఫ్ట్‌వేర్‌కి అక్షరం అర్థం కాకపోతే పిచ్చిగీతలు కక్కేది. తప్పు ఎక్కడుందో కంటికి కొట్టొచ్చినట్టు కనబడేది. ఇప్పటి ఏఐ అలా చేయదు. ముందు వెనక మాటలు చూసి, అక్కడ ఏది ఉంటే సబబుగా ఉంటుందో అది పెట్టేస్తుంది. ‘ఆవపిండి మానెడు’ అని రాసి ఉన్నచోట ‘ఆవపిండి ఒక కప్పు’ రావచ్చు, ఎందుకంటే అది చదివి నేర్చుకున్న వంటకాల్లో కప్పులే ఎక్కువ. ఉప్పు ‘ముప్పావు మానెడు’ కాస్తా ‘పావు’ అయితే ఆ ఏడు ఆవకాయ బూజు పట్టినట్టే. కాబట్టి ఈ పాఠంలో అసలు పని, తెలియని చోట అది ఖాళీ వదిలేలా చేయడం, ఆ తర్వాత అంకెలు సరిచూసుకోవడం.

ముందు ఫొటో. సగం తప్పులు ఇక్కడే పుడతాయి. పగటిపూట కిటికీ పక్కన కాగితం పరిచి, ఫ్లాష్ ఆపి, ఫోన్ కాగితానికి సమాంతరంగా పట్టుకోండి. మీ నీడ పడుతుంటే ఫోన్‌ని ఒక అడుగు పైకి జరిపి 2ఎక్స్ జూమ్‌లో తీయండి. పలచటి కాగితంలో వెనకవైపు సిరా ఇవతలికి కనిపిస్తుంటే ఆ పుట కింద నల్ల కాగితం పెట్టండి, చాలావరకు మాయమవుతుంది. ఒక ఫొటోకి ఒక్క పుటే. పుటలో పాతిక వరసలు దాటితే రెండు ముక్కలుగా తీయండి, రెండో ముక్కలో మొదటి ముక్క చివరి 3 వరసలు మళ్ళీ పడాలి. అతుకు దగ్గర వరస జారిపోకుండా అదే కాపలా.

స్కానర్ యాప్‌లో ‘నలుపు–తెలుపు’ ఫిల్టర్ జోలికి వెళ్ళకండి. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది కానీ తెలుగుకి చేటు. మన లిపిలో చిన్న చుక్క, చిన్న గీతే అక్షరాన్ని మార్చేస్తాయి. ‘ఠ’లో చుక్క పోతే ‘ర’ అవుతుంది, ‘ధ’ కింద గీత పోతే ‘ద’ అవుతుంది. ఆ ఫిల్టర్ ముందు మింగేవి ఇవే. రంగుల ఫొటోనే ఉంచండి. ఇంకొకరి ఫోన్ నుంచి వాట్సాప్‌లో తెప్పించుకుంటే ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది.

ఇక అడిగే తీరు. ‘ఇది చదివి పెట్టు’ అంటే సరిపోదు. ప్రతి పుటకీ కొత్త చాట్ తెరిచి, ఫొటోతో పాటు ఇది ఇవ్వండి:

“ఈ ఫొటోలో ఉన్నది ఉన్నట్టుగా టైపు చెయ్యి. అక్షరదోషాలు దిద్దకు, పాత మాటలకి కొత్త మాటలు పెట్టకు, కొలతలు మార్చకు. మూలంలో వరస ఎక్కడ తెగిందో నువ్వూ అక్కడే తెంపు, ప్రతి వరసకీ నంబరు వెయ్యి. చదవలేని మాట దగ్గర [?] పెట్టు. కొంచెం అనుమానంగా ఉంటే మాట రాసి పక్కన [?] పెట్టు. ఊహించి నింపకు.”

ఇందులో ఎక్కువ మంది వదిలేసేది వరసల నంబర్లు. అవి లేకపోతే సరిచూడడం నరకం. ఒకే మాటతో మొదలయ్యే రెండు వరసలు ఉన్నప్పుడు ఏఐ ఒకటి ఎగరగొట్టడం మామూలే. మూలంలో 22 వరసలు ఉండి టైపులో 21 వస్తే ఎక్కడో జారిందని అక్షరం చదవకుండానే తెలిసిపోతుంది.

ఫలితంలో ఒక్క [?] కూడా లేకపోతే సంబరపడకండి. పాత చేతిరాతలో అది జరిగే పని కాదు. అదే ఫొటోని మరో కొత్త చాట్‌లో, వీలైతే వేరే కంపెనీ ఏఐలో పెట్టి రెండో ప్రతి తీయించండి. రెండింటికీ తేడా వచ్చిన చోట్లు మీరు కాగితం చూడాల్సిన చోట్లు. రెండూ ఒకేలా తప్పడం కూడా ఉంటుంది, అందుకే అంకెలు, కొలతలు, మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు మాత్రం తేడా ఉన్నా లేకపోయినా మీ కంటితో చూడాల్సిందే.

చదివి సరిచూడడం కన్నా విని సరిచూడడం మేలు. ఫోన్‌లో తెలుగు చదివి వినిపించే సదుపాయం ఆన్ చేసి, టైపైన పాఠాన్ని అది చదువుతుంటే మూలం మీద వేలు కదుపుతూ పోండి. కళ్ళతో రెండూ చూస్తే ‘మానెడు’కీ ‘మారెడు’కీ తేడా జారిపోతుంది. చెవి పట్టేస్తుంది.

పాత పద్దుల్లో డబ్బు దగ్గర జాగ్రత్త. 1957 ఏప్రిల్ 1కి ముందు లెక్క రూపాయలు, అణాలు, పైలు. రూపాయికి 16 అణాలు, అణాకి 12 పైలు. ‘12-8-0’ అంటే పన్నెండు రూపాయల ఎనిమిది అణాలు, అంటే పన్నెండున్నర. ఏఐ దీన్ని 12.80 అనుకోవచ్చు, తేదీ అనీ అనుకోవచ్చు. ముందే ఈ లెక్క చెప్పి, ‘మార్చకుండా అలాగే రాయి’ అనండి. పుట అడుగున మొత్తం ఉంటే మీరే కూడి చూడండి. కూడిక కుదిరితే పై అంకెల మీద చాలావరకు భరోసా. మొత్తాన్ని ఏఐ చేతే సరిచూపించకండి, కుదరని కూడికని కుదిర్చి చూపించగలదు. తెలుగు అంకెలు ఉన్న కాగితమైతే ౧, ౨, ౩ లాగే ఉంచమనండి, మార్పిడి తర్వాత మీరు చేసుకోవచ్చు.

వీశె, మణుగు, సోల, గిద్దె కూడా అంతే. 4 గిద్దెలు సోల, 2 సోలలు తవ్వ, 2 తవ్వలు మానిక. వీశె అంటే 120 తులాలు, దగ్గరదగ్గర 1.4 కిలోలు. కిలోల్లో కావాలంటే వేరే నిలువు వరసలో రాయించండి, మూలం మాట చెరపవద్దు.

ఆఫీసుల్లో వచ్చే తంటా ఇంకొకటి. పీడీఎఫ్‌లో తెలుగు చక్కగా కనిపిస్తుంది, ఏఐకి ఇస్తే పొంతన లేని జవాబు వస్తుంది. ఒక వరస కాపీ చేసి నోట్స్‌లో అతికించి చూడండి. ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా పడితే అది అను లాంటి పాత ఫాంట్లలో కొట్టిన పత్రం. పైకి తెలుగు బొమ్మలు, లోపల వేరే అక్షరాల సంకేతాలు. ఏఐ ఆ లోపలి సంకేతాలని చదివితే దానికి ఏమీ అర్థం కాదు. పుటలని స్క్రీన్‌షాట్ తీసి బొమ్మలుగా ఇవ్వండి, పని జరుగుతుంది.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, మెడికల్ రిపోర్టులు ఇలా ఎక్కించకండి. తప్పనిసరైతే నంబర్లు, పేర్ల మీద కాగితం ముక్క పెట్టి ఫొటో తీయండి. సెట్టింగుల్లో మీ సంభాషణలని ఏఐ శిక్షణకి వాడుకోనిచ్చే మీట ఉంటుంది, ముందు అది ఆపండి. ఆఫీసు ఫైలు అయితే పై అధికారి అనుమతి లేకుండా అసలు వద్దు.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో ఉన్న చేతిరాత కాగితం ఒక పుట తీసుకోండి. పై ఆదేశంతో ఒకసారి, ‘ఇది చదివి పెట్టు’ అని ఒకసారి, వేర్వేరు చాట్‌లలో టైపు చేయించండి. రెండింటిలో [?]లు ఎన్ని, మూలంతో పోల్చితే తప్పులు ఎన్ని, వాటిలో అంకెల తప్పులు ఎన్ని, రాసి పెట్టుకోండి. 5వ పాఠంలో మీటింగు రికార్డింగు నుంచి మినిట్స్ తీసేటప్పుడు ఈ లెక్క కావాలి.