1098కి మొదటి ఫోన్ చేయబోయే పిల్లలకు

కావలి దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. కౌమార దశ పాఠం అయిన వారంలో పిల్లలు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర తచ్చాడుతుంటారు. "టీచర్, మా ఫ్రెండ్‌కి ఒక డౌట్" అంటారు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్ అని వాళ్ళకు తెలుసు. ఫోన్ కలిశాక ఏం మాట్లాడాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. అందుకే ఇది రాస్తున్నాను.

ఏదో జరిగిపోయాకే ఫోన్ చేయాలని లేదు. మామయ్య వరసయ్యే మనిషి తాకే తీరు నచ్చకపోయినా, ట్యూషన్ సారు రాత్రిపూట మెసేజీలు పెడుతున్నా, రొయ్యల చెరువు కాపలాదారు బూతు వీడియో చూపించి ఎవరికీ చెప్పొద్దన్నా చేయొచ్చు. సాక్ష్యం అక్కర్లేదు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం కూడా నేరం జరిగే అవకాశం ఉందని అనిపించినా చెప్పమనే అంటుంది. ఆ చట్టం మగపిల్లలకూ అంతే వర్తిస్తుంది. "మగపిల్లాడివి, నీకేందిరా" అనే మాట విని నోరు మూసుకున్న అబ్బాయిలు ఇది రెండుసార్లు చదవండి.

ఇంట్లో అందరికీ ఒకటే ఫోన్ ఉంటే, ఎవరూ లేని వేళ చూసుకోండి. లేదా నమ్మకమైన పిన్ని ఫోనో, స్నేహితురాలి వాళ్ళమ్మ ఫోనో అడగండి. 1098కి డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. కలవగానే "ఈ నంబరుకు తిరిగి ఫోన్ చేయొద్దు, నేనే చేస్తాను" అని చెప్పండి. భయపెట్టే మనిషి ఇంట్లోనే ఉంటే, మాట్లాడాక కాల్ లిస్టులోంచి ఆ నంబరు తీసేయండి.

ముందుగా ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకుంటే గొంతు ఆగిపోయినా చదవొచ్చు: మీ వయసెంత, ఆ మనిషి మీకేమవుతాడు, ఎప్పటినుంచి, ఈ రాత్రి మీరు పడుకునే చోట అతను ఉంటాడా. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, అదే ముందు చెప్పండి. "మా ఫ్రెండ్‌కి" అని మొదలుపెట్టినా ఫర్వాలేదు. ఏమీ మాట్లాడలేక పెట్టేసినా తప్పు లేదు, 1996లో ముంబయిలో మొదలైనప్పటినుంచీ ఇలాంటి మౌనం కాల్స్ ఈ హెల్ప్‌లైన్‌కు వస్తూనే ఉన్నాయి.

ఇక పిల్లలందరూ అడిగేది, "మా అమ్మకు తెలిసిపోతుందా?" అని. దీనికి నేను తీపి అబద్ధం చెప్పను. పేరు చెప్పకుండా సలహా అడగొచ్చు. కానీ ఒక పిల్లకో పిల్లాడికో లైంగిక హింస జరిగిందని తెలిసిన పెద్దవాళ్ళు ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. నేను టీచర్ని, నాకూ అంతే. కాబట్టి ఫోన్లో మొదటే అడగండి: "నేను చెప్పేది మీరు ఎవరెవరికి చెబుతారు?" జవాబు విన్నాక ఎంత చెప్పాలో మీరే నిర్ణయించుకోండి.

కేసు దాకా వెళ్ళినా ఊరంతా పాకుతుందని టెన్షన్ పడకండి. మీ పేరు, ఫొటో, ఊరు, బడి పేరు పత్రికలూ టీవీలూ బయటపెట్టకూడదు. వాంగ్మూలం మీ ఇంట్లోనో మీకు నచ్చిన చోటో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారే రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. పిల్లల్ని రాత్రి స్టేషన్లో ఉంచకూడదు. ఆస్పత్రిలో అత్యవసర వైద్యానికి పోలీసు కాగితం తెమ్మనకూడదు. ఇన్నాళ్ళూ చెప్పలేదని పిల్లల మీద కేసు పెట్టడం ఉండదు.

ఫొటో పెట్టి బెదిరిస్తుంటే డబ్బు పంపొద్దు, చాట్ చెరిపేయొద్దు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. అతని దగ్గరున్నది మీ నగ్న చిత్రమైతే దాన్ని ఇంకెవరికీ, సాయం కోసమైనా, ఫార్వర్డ్ చేయొద్దు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో పిల్లల అశ్లీల చిత్రాల మీద పేరు చెప్పకుండానే ఫిర్యాదు చేయొచ్చు. పద్దెనిమిది లోపు వాళ్ళ ఫొటోలకు టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని గుర్తు సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన సైట్లు దాని ఆధారంగా ఆ ఫొటోను వెతికి తీసేస్తాయి.

ఇప్పుడు ఎవరూ రాయని సంగతి. తన ఆలోచనల్ని చూసి తనే భయపడే అబ్బాయి ఉంటాడు. చిన్నపిల్లల గురించి రాకూడని తలపులు వస్తాయి, లేదా చూసే వీడియోలు రోజురోజుకూ దారి తప్పుతుంటాయి. నాన్నా, తలపు వచ్చినంత మాత్రాన నువ్వు నేరస్థుడివి కావు. సాయం అడగడం నేరం కాదు. పిల్లల అశ్లీల దృశ్యాలు వెతకడం, చూడడం, దాచుకోవడం, పంపడం మాత్రం నేరమే, ఈరోజే ఆపేయ్. బ్రిటన్లో ఇలాంటివాళ్ళు పేరు చెప్పకుండా మాట్లాడేందుకు స్టాప్ ఇట్ నౌ అనే హెల్ప్‌లైన్ ఉంది, బెర్లిన్లోని ఒక ఆస్పత్రి 2005 నుంచి చికిత్స ఇస్తోంది. ఇక్కడ నువ్వు 14416కి చెయ్యి. అది టెలిమానస్, 2022 అక్టోబర్ 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడతారు. "నా ఆలోచనలు నన్ను భయపెడుతున్నాయి, ఎవరికీ హాని చేయకుండా ఉండాలి" అని మొదలుపెట్టు. సాయం అందేలోపు చిన్నపిల్లలతో ఒంటరిగా ఉండకు. పక్కింటి పాపను చూసుకోమంటే పరీక్షలున్నాయని చెప్పి తప్పుకో.

ఫోన్ ఎత్తినవాళ్ళు విసుక్కుంటే పెట్టేసి, కాసేపాగి మళ్ళీ చేయండి. ఈసారి ఇంకొకరు ఎత్తవచ్చు. ప్రాణం మీదకు వస్తే 112. ఫోనే దొరకకపోతే సచివాలయంలో మహిళా పోలీసు అక్క ఉంటుంది, మీ వీధి ఆశా అక్క ఉంటుంది, బడిలో మేముంటాం. స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ చెప్పలేకపోతే నోటుపుస్తకంలో చీటీ పెట్టి దిద్దడానికి ఇచ్చినట్టు ఇవ్వండి.