ఎంసెట్‌కి ఏ సబ్జెక్ట్ ముందు పట్టుకోవాలి? పెన్ను, పాత పేపరు తీసుకుని కూర్చోండి, లెక్కేద్దాం

గుంటూరు బ్రాడీపేటలో అడిగినా, విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర హాస్టల్లో అడిగినా సీనియర్లు చెప్పేది ఒకటే మాట, "మ్యాథ్స్ 80 మార్కులు రా, అది కొడితే చాలు" అని. పేరు ఈఏపీసెట్ అని మార్చి ఇన్నేళ్ళయినా మనందరికీ అది ఎంసెట్టే కాబట్టి నేనూ అలాగే అంటాను. మొత్తం 160 ప్రశ్నలు, మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మూడు గంటల టైం, నెగెటివ్ మార్కింగ్ లేదు. ఇవి చూస్తే సీనియర్ చెప్పింది కరెక్టే అనిపిస్తుంది, కానీ ఆ మాట మ్యాథ్స్‌లో ఆల్రెడీ 55 తెచ్చుకునే వాడికీ 25 దగ్గర ఆగిపోయిన వాడికీ ఒకేలా పనిచెయ్యదు కదా. సబ్జెక్ట్‌కి ఎన్ని మార్కులున్నాయి అన్నది కాదు చూడాల్సింది, మీరు ఇవాళ ఒక గంట పెడితే ఎందులో ఎక్కువ మార్కులు పెరుగుతాయి అన్నది చూడాలి.

దానికి ముందు మీరు ఇప్పుడు ఎక్కడున్నారో నిజం తెలియాలి, ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఒక పాత పేపరు తీసుకుని మూడు గంటలు ఫోన్ పక్కన పడేసి రాయండి, రాసేటప్పుడు గుడ్డిగా పెట్టిన ప్రతి ప్రశ్న పక్కన చిన్న చుక్క పెట్టండి. ఎందుకంటే నాలుగు ఆప్షన్లు, నెగెటివ్ లేదు, అంటే ఏమీ చదవని వాడు కళ్ళు మూసుకుని పెట్టినా సగటున 160కి 40 వస్తాయి, మ్యాథ్స్ ఒక్కదాంట్లోనే 20 వస్తాయి. మీకు మ్యాథ్స్‌లో 30 వచ్చాయనుకోండి, లెక్కేస్తే నిజంగా తెలిసి చేసినవి 13, 14 ఉంటాయి, మిగతా 16, 17 తెలీని ప్రశ్నల్లో నాలుగో వంతుకి తగిలిన లక్కు. చుక్క పెట్టినవి తీసేసి మిగిలిందే మీ అసలు స్కోరు, అది చూసి గుండె జారుతుంది, అయినా పర్లేదు. (ఆ పేపరు నాన్నగారికి చూపించే ముందు చుక్కల సంగతి కూడా చెప్పండి, లేకపోతే 61 వచ్చింది సూపర్ అని చుట్టాలందరికీ ఫోన్లు వెళ్ళిపోతాయి.)

తర్వాత తప్పులన్నిటినీ మూడు రకాలుగా విడగొట్టండి. ఒకటి, చాప్టరే తెలీదు. రెండు, తెలుసు కానీ ఫార్ములా మర్చిపోయా లేదా సైన్ తప్పేశా. మూడు, వచ్చు కానీ మూడు నిమిషాలు పట్టింది. ఈ రెండో రకం ఏ సబ్జెక్ట్‌లో ఎక్కువుంటే అది ముందు పట్టుకోండి, ఎందుకంటే అక్కడ సగం పని అయిపోయి ఉంది, రెండు మూడు రోజులు రివిజన్ చేస్తే మార్కులు కళ్ళముందే కదుల్తాయి. మొదటి రకంలో మాత్రం ఆలోచించి దిగాలి. రొటేషనల్ మోషన్ అసలు రాని వాడు ఏప్రిల్లో దాన్ని మొదలుపెడితే వారం తినేస్తుంది, అదే వారంలో సెమీకండక్టర్లు, అటామ్స్, న్యూక్లియై మూడూ చదివేసుకోవచ్చు, అవి ఎక్కువగా డైరెక్ట్ ఫార్ములాలూ థియరీనే.

ఏ చాప్టర్ లాభమో తెలీకపోతే టెస్ట్ చేసి చూడండి. కెమికల్ కైనెటిక్స్ నుంచి ఇరవై పాత ప్రశ్నలు, ఎలక్ట్రోస్టాటిక్స్ నుంచి ఇరవై, ముందు చదవకుండా చేసి మార్కులు రాసుకోండి, తర్వాత ఒక్కోదానికీ నాలుగు గంటలు ఇచ్చి ఇంకో ఇరవై చొప్పున చెయ్యండి. కైనెటిక్స్ 6 నుంచి 14కి వెళ్ళి ఎలక్ట్రోస్టాటిక్స్ 6 నుంచి 8 దగ్గరే ఆగిందనుకోండి, ఇంక ఏది ముందో ఎవర్నీ అడగక్కర్లేదు. నా అనుభవంలో యావరేజ్ పిల్లలకి చాలాసార్లు కెమిస్ట్రీయే ముందొస్తుంది, కానీ మీది మీరు చూసుకోండి.

కెమిస్ట్రీకి ఇంకో లాభం కూడా ఉంది, టైం. 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు అంటే ఒక్కోదానికి నిమిషం పైన ఏడెనిమిది సెకన్లే. కెమిస్ట్రీ 40 ప్రశ్నలూ అరగంటలో లేపేస్తే మిగతా 120కి 150 నిమిషాలు మిగుల్తాయి, అంటే ఒక్కోదానికి 75 సెకన్లు. ఆ సెకన్లు మ్యాథ్స్‌లో పనికొస్తాయి, కాబట్టి కెమిస్ట్రీ బాగా చదివితే మ్యాథ్స్ మార్కులు కూడా పెరుగుతాయి, ఇది మ్యాథ్స్ సార్లు చెప్పరు లెండి. ఇనార్గానిక్ మాత్రం ముందే చదివి పక్కన పడేస్తే పరీక్ష నాటికి ఆవిరైపోతుంది, రోజూ అరగంట చొప్పున చివరిదాకా సాగదీయండి.

మ్యాథ్స్‌లో మొత్తం సబ్జెక్ట్ అని కాకుండా దేనిమీద ఏది ఆధారపడిందో చూసి ఎంచుకోండి. ట్రిగనామెట్రీ ఫార్ములాలు రాకపోతే ఇంటిగ్రేషన్ రాదు, డెరివేటివ్స్ రాకపోతే డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ రావు, ఫిజిక్స్‌లో సగం వెక్టర్స్ మీదే నడుస్తుంది, కాబట్టి ఇవి పునాది, మార్కులు చూడకుండా ముందు చేసెయ్యాలి. ఆ తర్వాత మ్యాట్రిసెస్, క్వాడ్రాటిక్, స్ట్రెయిట్ లైన్స్, సర్కిల్స్ లాంటివి. మూడు నిమిషాలు పట్టే ప్రశ్నల్ని తగ్గించుకోడానికి ఆప్షన్స్ నుంచి వెనక్కి రావడం ప్రాక్టీస్ చెయ్యండి. ఉదాహరణకి θ తో పెద్ద ఎక్స్‌ప్రెషన్ ఇచ్చి సింప్లిఫై చెయ్యమంటే, θ = 30 డిగ్రీలు పెట్టి విలువ కనుక్కుని, ఆప్షన్లలో కూడా అదే పెట్టి చూడండి, చాలాసార్లు మూడు ఎగిరిపోయి ఒకటే మిగుల్తుంది. సున్నా పెట్టకండి, రెండు మూడు ఆప్షన్లు ఒకేలా వచ్చి మళ్ళీ మొదటికే వస్తారు.

ఇంటర్ పబ్లిక్ సంగతి. మన ఆంధ్రలో ర్యాంకులో 25 శాతం వెయిటేజీ ఇంటర్ గ్రూప్ సబ్జెక్ట్‌లది, 75 శాతం ఎంసెట్‌ది. గ్రూప్ మొత్తం 600 మార్కులకి లెక్కేసే పాత పద్ధతిలో చూస్తే ఎంసెట్‌లో ఒక్క మార్కు ఇంటర్‌లో దాదాపు 11 మార్కులతో సమానం. ఇంటర్‌లో 5 మార్కులు పోయాయని పబ్లిక్ పరీక్షలయ్యాక వారం రోజులు ఏడ్చే పిల్లలు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అలాగని ఇంటర్‌ని వదిలేస్తే కుదరదు, ఇంజనీరింగ్ సీటుకి గ్రూప్ సబ్జెక్ట్‌ల్లో ఓసీ వాళ్ళకి 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి 40 శాతం ఉండాలి. వెయిటేజీ రూల్ ఆ ఏడాది నోటిఫికేషన్లో ఏముందో చూసుకోండి, మధ్యలో మార్చిన సంవత్సరాలు ఉన్నాయి.

జేఈఈ మెయిన్ కూడా రాసేవాళ్ళు ఈ లెక్కని అక్కడికి మోసుకెళ్ళకండి. అక్కడ 75 ప్రశ్నలు, మూడు సబ్జెక్ట్‌లకీ 25 చొప్పున సమానం, తప్పుకి ఒక మార్కు పోతుంది. చుక్క పెట్టిన ప్రశ్నలకి ఇక్కడ పోయేదేం లేదు, అక్కడ మాత్రం రిస్కే.

బైపీసీ వాళ్ళకి ఎంసెట్‌లో బాటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. నీట్‌లో 720కి 360 బయాలజీదే. బయాలజీ ఎలాగూ అందరూ చదువుతారు కాబట్టి అక్కడ పెద్ద తేడా రాదు, తేడా వచ్చేది ఫిజిక్స్‌లోనే, అందుకని మీ చుక్కల లెక్క ఫిజిక్స్ పేపరుతోనే మొదలుపెట్టండి. ప్రతి రెండు ఆదివారాలకి ఒక గ్రాండ్ టెస్ట్ రాసి లెక్క మళ్ళీ వెయ్యండి, పోయిన నెల వీక్‌గా ఉన్న చాప్టర్ ఇప్పుడు కదలడం ఆగిపోతే దాన్ని వదిలేసి పక్కదానికి వెళ్ళిపోండి.