మొక్కజొన్న పాఠాలు – 4: కండెను చదవడం

పోయిన పాఠంలో 60 × 20 సెంటీమీటర్ల ఎడం చూశాం. ఎకరానికి 33 వేల మొక్కలు. వాటిలో 30 వేలు కండె పట్టాయనుకుందాం. కండెకు 14 వరుసలు, వరుసకు 30 గింజలు, వెయ్యి గింజల బరువు 250 గ్రాములైతే దిగుబడి 31.5 క్వింటాళ్లు. ఇందులో ఏ అంకె పడిపోయిందో చూస్తే పైరుకు దెబ్బ ఎప్పుడు తగిలిందో తెలిసిపోతుంది.

వరుసల సంఖ్య చాలావరకు విత్తనం గుణమే, దాన్ని వదిలేయండి. వరుసలో ఎన్ని గింజలన్నది జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత), పీచు (కండె కొనన వేలాడే ఆడపూత పోగులు) వచ్చే రోజుల్లో తేలుతుంది. అప్పుడు నేల బెట్టకొస్తే పుప్పొడి రాలిపోయాక గానీ పీచు బయటికి రాదు. కొనవైపు పీచు అన్నిటికన్నా ఆఖర్న వస్తుంది కాబట్టి కొన బోసిపోతుంది. కొనలో గింజ కట్టి ముడుచుకుపోయిందంటే దెబ్బ ఆ తర్వాత, పాలు పోసుకునేటప్పుడు తగిలిందన్నమాట. నీరు చాలదనుకుంటే మిగతా తడులు తగ్గించైనా జల్లు నుంచి గింజ గట్టిపడేదాకా తడి ఆరనివ్వకండి.

ఇక పోషకం. బెట్టకు నొక్కులుపోయిన గింజలో మాంసకృత్తుల శాతం ఒక్కోసారి పెరిగి కనిపిస్తుంది. మురిసిపోకండి, తగ్గింది పిండిపదార్థం. పైగా పాలదశలో ఎండ, బెట్ట కలిస్తే అఫ్లాటాక్సిన్ అనే విషం చేసే బూజుకు అదే అదను.

యాసంగిలో ఎకరానికి 80–96 కిలోల నత్రజనిని నాలుగు సమాన భాగాలుగా వేస్తాం: విత్తేటప్పుడు, 25–30, 45–50, 60–65 రోజులకు. నత్రజని సరిపడా అందితే దిగుబడితోపాటు మాంసకృత్తులూ పెరుగుతాయి. కానీ అలా పెరిగేది ఎక్కువగా జెయిన్ అనే మాంసకృత్తి. అందులో ఒంటికి తప్పనిసరిగా కావలసిన లైసిన్, ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లాలు దాదాపు ఉండవు. ఈ లోటు యూరియాతో తీరదు, విత్తనం మార్చాల్సిందే. హెచ్‌క్యూపీఎం–1 లాంటి నాణ్యమైన మాంసకృత్తుల రకాల్లో ఇవి రెండింతల దాకా ఉంటాయి. వాటిలోని ఓపేక్–2 జన్యువు అంతర్గతం, అంటే తల్లి, తండ్రి రెండు వైపుల నుంచీ అందితేనే గుణం చూపుతుంది. పక్క చేలోని మామూలు మొక్కజొన్న పుప్పొడి పడితే ఆ గింజ మామూలుదే అవుతుంది. అందుకే రెండు చేల పూత కలవకుండా మూడు వారాల తేడాతో విత్తండి.

అభ్యాసం: చేలో ఐదు చోట్ల, చోటుకు రెండు చొప్పున వరుసగా ఉన్న మొక్కల కండెలు కోయండి. పెద్దవి ఏరితే లెక్క ఉబ్బుతుంది. వరుసలు, గింజలు, బోసి కొన పొడవు రాసుకోండి. గింజ అడుగున నల్ల పొర ఏర్పడ్డాకే కోయండి, అంతకుముందు గింజకు పూర్తి బరువు రాదు.